లేనూరి గానుగ

ఆషాఢ అమావాస్య నాడు రేవణసిద్ధప్ప పొద్దున్నే జొన్నరొట్టె సగం తిని, మిగతా సగం పళ్లెంలోనే వదిలి, భుజాన తువ్వాల వేసుకుని బస్టాండుకు నడిచాడు. హుమ్నాబాద్ బస్సెక్కి చిరాగ్‌పల్లిలో దిగాడు. హైవే పక్క హోటల్లో చాయ్ తాగాడు. హోటల్ గోడకున్న ఎర్ర డబ్బాలో ఒక కార్డు వేశాడు. తిరుగు బస్సులో జహీరాబాద్ వచ్చి, అరుగు మీద చెప్పులు విడిచి, ఎప్పటిలాగే వాటిని గోడవైపు తిప్పి పెట్టి, లోపలికి పోయి మంచం మీద ఒరిగాడు. మధ్యాహ్నం గంజి తాగమని భార్య బసమ్మ తట్టి లేపితే లేవలేదు.

కబురు వచ్చేసరికి ఆయన కూతురు మహాదేవమ్మ టెలిఫోన్ ఎక్స్‌ఛేంజ్‌లో ఉంది. ఆలుగడ్డల వ్యాపారి ఒకాయనకు హైదరాబాద్ లైను కలుపుతోంది. "ఎంతకు పోతున్నది?" అని ఆయన అవతలివాళ్లను అడుగుతుండగా ఎవరో వచ్చి ఆమె భుజం మీద చెయ్యి వేశారు. ఆమె వైరు తీయకుండానే లేచింది. లైనులో అవతలి మనిషి ధర చెప్పాడో లేదో ఆమెకు ఈనాటికీ తెలియదు.

కార్డు సంగతి పంటలు అమ్మే గంజ్‌లో బస్తాలు మోసే ఒకతను మూడో నాడు చెప్పాడు. లారీ మీద నుంచి చూశాడట. వాళ్ల ఇంటి నుంచి పోస్టాఫీసు నలభై అడుగులే. అది వదిలి, అంత దగ్గు పెట్టుకుని, చిరాగ్‌పల్లి దాకా ఎందుకు పోయినట్టు?

"నెల తప్పి నెల పోతనే ఉండె" అంది బసమ్మ. "అమాసకు గంజ్ బందు గద. రోడ్డు మీద లారీలు చూసి వస్త అనెటోడు. పోనీ, ఇంట్ల ఉంటె ఆ కార్డులే గద అని నేను అడ్డం చెప్పలె."

ఆ కార్డుల సంగతి చెప్పాలంటే ముందు తువ్వాల సంగతి చెప్పాలి.

రేవణసిద్ధప్ప ముప్ఫై ఏళ్లు జహీరాబాద్ గంజ్‌లో కాంటా వేసి సరుకు తూచాడు. అల్లం, బెల్లం, ఆలుగడ్డ, కంది. ఆ రోజుల్లో అక్కడ ధర నోటితో చెప్పేవారు కాదు. కొనేవాడూ రైతు తరఫున అమ్మిపెట్టే అడ్తిదారూ ఎదురెదురుగా నిలబడి, చేతుల మీద తువ్వాల కప్పుకుని, దాని కింద వేళ్లు పట్టుకునేవారు. ఎన్ని వేళ్లు పట్టారు, ఏ కణుపు దగ్గర నొక్కారు అన్నదే బేరం. పంట ఎవరిదో ఆ రైతు తన కుప్ప పక్కనే నిలబడి గుడ్డ కదలడం చూసేవాడు. రేవణసిద్ధప్ప తండ్రి ఒక యేడు అల్లం తెచ్చి అట్లాగే నిలబడ్డాడు. ఇంటికి పోయి, ఎంతకు పోయిందని భార్య అడిగితే, "గుడ్డ కదిలింది, అంతే ఎరుక" అన్నాడు. మళ్లీ అల్లం వేయలేదు. కొడుకు మాత్రం అదే గంజ్‌లో, అదే తువ్వాలల పక్కన, కాంటా పట్టుకుని నిలబడాల్సి వచ్చింది.

డెబ్బై నాలుగులో ఒక వానరోజు, కోహీర్ బడిలో చెప్పే రామ్‌కిషన్ సార్ విత్తనాలకు వచ్చి గంజ్‌లో చిక్కుకుపోయాడు. కాంటా కింద ఖాళీ బస్తాల మీద కూర్చుని ఇద్దరూ మాట్లాడుకున్నారు. ధర పైనుంచి ఎవరూ చెప్పని ఊరు, ఉన్నవాళ్లే ఒకరికొకరు చెప్పుకునే ఊరు ఉంటే ఎట్లా ఉంటుందని రేవణసిద్ధప్ప అడిగాడు.

"అసొంటి ఊరు లేదు సిద్ధప్పా" అన్నాడు సార్.

"లేకుంటె పెడ్దాం సార్. లేనూరు అని పేరు పెడ్దాం."

అట్లా పుట్టింది ఆట. సిమెంటు సంచి కాగితం మీద రేవణసిద్ధప్ప ఊరి పటం గీశాడు. వాగు, బీడు, ముప్ఫై ఇళ్ల స్థలాలు. ఆటలో చేరినవాళ్లకు ఒక ఇల్లు, ఒక పనిముట్టు. మగ్గమో, నాగలో, కుమ్మరి సారెనో. ఆ తర్వాత వాళ్ల ఇష్టం. పొలం చేయవచ్చు, అడవికి పోయి తేనె తేవచ్చు, బడి పెట్టవచ్చు, పక్కవాడి ఎద్దును కూడా తోలుకుపోవచ్చు. ఏం చేసిందీ నెలకొక కార్డు మీద రాసి ఆయనకు పంపాలి. ఆయన అమావాస్య నాడు మూడు గవ్వలు వేసేవాడు. గవ్వలు పడినట్టు వాన, ఎలుకలు, రోగం. ఆయన చేతిలో ఉన్నది అంతే. తర్వాత కార్బన్ కాగితాలు పెట్టి "ఊరి కబురు" రాసి అందరికీ పంపేవాడు.

"నేను ఊరికి పెద్దను కాదు. వానను, అంతే" అనేవాడు.

రూపాయలు లేవు ఆ ఊళ్లో. ఉప్పుకు ఎన్ని కుండలు, కుండకు ఎన్ని గింజలు అన్నది ఇచ్చేవాళ్లూ పుచ్చుకునేవాళ్లూ తేల్చుకోవాలి. ఇద్దరి కార్డుల్లో ఒకే మాట ఉంటేనే బేరం కుదిరినట్టు. ముఖ్యమైన కట్టుబాట్లు రెండే. ఒకటి, ఏదైనా కార్డు మీదే రాయాలి. కార్డును పోస్టుమ్యాన్ చదవవచ్చు, పక్కింటివాళ్లు చదవవచ్చు. మూసిన ఉత్తరం పనికిరాదు. రెండోది, మూడు నెలలు కార్డు రాకపోతే ఆ ఇల్లు ఊరిది. ఏడాదికోసారి శివరాత్రికి ఝరాసంగం జాతరలో అందరూ కలిసి, ఆ ఏటి కార్డులన్నీ జంపఖానా మీద పరిచి, ముద్రతో సహా చూసుకునేవారు.

నాలుగేళ్లలో పంతొమ్మిది ఇళ్లు నిండాయి. మొగుడంపల్లి నుంచి రైతు శరణప్ప చేరాడు, నిజం పొలంలో ఎప్పుడూ వేయని నువ్వులన్నీ లేనూరిలో వేశాడు. అదే ఊరి మణెమ్మ చదివింది నాలుగో తరగతే. కుమ్మరి ఇల్లు అడిగి తీసుకుంది. బేరాలు కష్టంగా ఉన్నాయని ఆమే మట్టి బిళ్లలు చేసి కాల్చి, ఒక బిళ్లకు ఒక సోలెడు గింజలని రాసింది. ఊరంతా ఒప్పుకుంది. ఆరు నెలలు తిరక్కుండా సోలెడు ఉప్పుకు నలభై బిళ్లలు అడగసాగారు.

"గిన్ని బిళ్లలు ఎందుకు చేసినవమ్మా?" అని జాతరలో రామ్‌కిషన్ సార్ నిలదీశాడు.

"మట్టి నాది, ఆవం నాది, నాకేం అడ్డం సార్?" అంది మణెమ్మ. "తీస్కున్నోళ్లను అడుగున్రి."

రేవణసిద్ధప్ప కడుపు పట్టుకుని నవ్వాడు. బిళ్లలను ఏం చేయాలో వానను అడగవద్దన్నాడు. చివరికి ఊరివాళ్లే వాటితో వాగు మీద కాలిబాట పరుచుకున్నారు.

మహాదేవమ్మకు పదహారేళ్లప్పుడు తండ్రి ఆమెకు పద్నాలుగో ఇల్లు, గానుగ, ఒక ఎద్దు ఇచ్చాడు. బిడ్డ అయినా కార్డు పోస్టులోనే రావాలన్నాడు. ఆమె నలభై అడుగులు నడిచి కార్డు వేసేది, మర్నాడు పోస్టుమ్యాన్ అదే ఇంటికి తెచ్చి ఇచ్చేవాడు. ఆ మూడేళ్లు ఊరంతా ఆమె నూనెతోనే దీపం పెట్టుకుంది. ఆ ఇంట్లో తండ్రీకూతుళ్లు మాట్లాడుకున్న మాటల్లో సగం లేనూరి మాటలే.

డెబ్బై ఏడులో గవ్వలు మూడుసార్లు వరసగా బోర్లా పడ్డాయి. లేనూరిలో వాన లేదు. మహాదేవమ్మకు అప్పుడు పంతొమ్మిది. నువ్వులు శరణప్ప దగ్గర తప్ప ఎక్కడా లేవని ఆమె ముందే గ్రహించింది. ఇన్‌లాండ్ ఉత్తరం కొని, జిగురు నాకి అంటించి, శరణప్పకు పంపింది. నువ్వులన్నీ నాకే ఇయ్యి, ఎవ్వరికీ చెప్పొద్దు, నూనె ఆడడం కాగానే నా ఎద్దును నీకిస్తాను అని. శరణప్ప ఒప్పుకున్నాడు. అందరూ చూసే కార్డుల మీద మాత్రం ఇద్దరూ కొద్దిపాటి నువ్వుల బేరం రాశారు. రెండు నెలల్లో ఊళ్లో దీపాలు ఆగిపోయాయి. బుడ్డెడు నూనెకు మగ్గంవాళ్ల ఏడాది బట్ట అడిగింది ఆమె. గెలుస్తున్నానని, తండ్రి చూసి మెచ్చుకుంటాడని అనుకుంది. గంజ్‌లో పెద్దవాళ్లు అట్లా చేస్తేనే గదా పెద్దవాళ్లయ్యారు అనుకుంది.

శరణప్ప అమాయకుడు. శివరాత్రికి కార్డులన్నీ తెమ్మన్నారని ఆ ఇన్‌లాండ్ కూడా కట్టలో పెట్టి తెచ్చాడు. జంపఖానా మీద అది ఒక్కటే నీలంగా కనిపించింది. రేవణసిద్ధప్ప తీసి, విప్పి, మొదటి నుంచి చివరిదాకా పైకి చదివాడు. చదివి మడిచాడు.

"నా ఇంట్ల కూడ తువ్వాల ఉన్నదని నాకు ఎరుక లేకపాయె" అన్నాడు.

అరవలేదు. అరిచి ఉంటే ఆమె కూడా అరిచేది. పంతొమ్మిది ఇళ్లవాళ్లు చూస్తుండగా లేచి, జాతరలో నడిచి, ఒక్కతే బస్సెక్కింది.

తర్వాత ఆమె కార్డు రాయలేదు. ఒక నెల, రెండు, మూడు. మూడు నిండిన అమావాస్య నాడు తండ్రి గవ్వలు వేసి ఊరి కబురు పైకి చదువుకుంటుంటే వంటింట్లో నిలబడి వింది. పద్నాలుగో ఇంటి మాట ఆయన ఎత్తలేదు. పోయిందిలే అనుకుంది.

మరుసటి ఏడు ఎక్స్‌ఛేంజ్‌లో ఉద్యోగం వచ్చింది. ఆ తర్వాత పెళ్లి. రెండు వీధుల అవతలే కాపురం. భర్త విరూపాక్ష నెమ్మది మనిషి. డ్యూటీ దిగి, చెవుల్లో గంజ్ ధరలు గుయ్యిమంటుండగా, రోజూ పుట్టింటికి వచ్చి కాసేపు కూర్చునేది. తండ్రి దగ్గు గురించి, బియ్యం గురించి, ఇంటి పెంకుల గురించి మాట్లాడుకునేవారు. లేనూరి గురించి మాత్రం ఆయన ఆమెతో కాదు, ఆమె వింటుండగా భార్యతో చెప్పేవాడు.

"చెప్పు నీ బిడ్డకు, ఈ యేడు నువ్వులు మంచిగ పండినయని."

"నాకెందుకు, ఎదురుంగనే ఉన్నది, నువ్వే చెప్పు" అనేది బసమ్మ.

శివరాత్రి ముందు మాత్రం ఏటా ఒకసారి నేరుగానే అడిగేవాడు. "ఒక కార్డు రాయరాదు బిడ్డా? ఒక్కటి."

"ఇల్లే లేనిదాన్ని ఏమని రాయాలె అప్పా?"

ఆయన ఏదో అనబోయి దగ్గేవాడు. దగ్గు ఆగేసరికి ఆ మాట పోయేది. మళ్లీ ఇల్లు కావాలంటే జంపఖానా ముందు నిలబడి అడగాలని, తప్పయిందని అనాలని ఆమె అనుకునేది. ఆ పని చేయడానికి ఏటికేడు బరువయ్యింది. కోపం ఎప్పుడో పోయింది. మిగిలింది అలసట. పైపెచ్చు డ్యూటీలు, ఇద్దరు పిల్లలు, అత్తగారి కాళ్ల నొప్పులు. ఎక్స్‌ఛేంజ్ సొరుగులో మాత్రం ఒక ఖాళీ కార్డు పెట్టుకుంది. అడ్రసు వైపు తండ్రి పేరు రాసేసింది. వైర్ల మధ్య తీరిక దొరికినప్పుడు తీసేది. ఇవతలి వైపు ఏం రాయాలో తోచేది కాదు. ఈ శివరాత్రికి అనుకుంది. కాదు, పైయేటికి అనుకుంది. రెండేళ్లుగా ఆ కార్డు అట్లాగే ఉంది.

పదకొండో దినానికి లేనూరివాళ్లు వచ్చారు. రామ్‌కిషన్ సార్, శరణప్ప, మణెమ్మ, ఇంకో ఆరుగురు. తినడం అయ్యాక చాపల మీద కూర్చున్నారు. శరణప్ప కండ్లు తుడుచుకుంటూ, గవ్వలు ఎవరి దగ్గర ఉన్నాయని అడిగాడు.

"పెట్టెల ఉన్నయి" అంది బసమ్మ. "తీస్కపోన్రి. నాకెందుకు?"

సార్ మహాదేవమ్మ వైపు తిరిగాడు. "మేమందరం అనుకున్నం బిడ్డా. ఇగ వానవు నువ్వే కావాలె."

"ఊర్ల ఇల్లు లేనిదాన్ని నేనెట్ల అయిత సార్?"

మణెమ్మ ముందుకు వంగింది. "ఇల్లు లేకపోవుడేందే? మరి ఎనిమిదేండ్ల సంది మేము ఎవరి నూనె తింటున్నం?"

మహాదేవమ్మకు అర్థం కాలేదు. సార్ లేచి పెట్టె తెరిచి, తాడు కట్టిన కట్టలు చాప మీద పెట్టాడు. పద్నాలుగో ఇంటి కట్ట వెతికి తీశాడు. డెబ్బై ఎనిమిది నుంచి నిన్నమొన్నటిదాకా, రెండు నెలలకొకటి చొప్పున కార్డులు. ప్రతిదాని మీదా చిరాగ్‌పల్లి ముద్ర. ప్రతిదానిలోనూ రెండే రెండు వాక్యాలు. గానుగ నడుస్తున్నది. ధర మీరు చెప్పిందే. కింద సంతకంగా లేనూరిలో ఆమె పేరు, గానుగ మాదేవి.

"నువ్వు రాస్తున్నవనే అనుకున్నం" అన్నాడు శరణప్ప. "ఆ యేడు నువ్విచ్చిన ఎద్దును మళ్ల నీ గానుగకు తోలిన. నువ్వు అడిగినవని సిద్ధప్ప చెప్పిండు."

"జాతరకు ఎందుకు వస్తలేదంటె, సిగ్గుపడుతున్నది, మీరు ఆమెతోని ఈ మాట ఎత్తకున్రి అన్నడు" అంది మణెమ్మ. "మేము ఎత్తలె. మంచిగనే రాస్తున్నది గద అనుకున్నం. మస్తు సార్లు అనుకున్నం, ఎంత బుద్ధిమంతురాలైందో అని."

"చేతిరాత?" అంది మహాదేవమ్మ.

"నీకు రాత నేర్పిందే ఆయన గద" అన్నాడు సార్. "నేను బడిపంతుల్ని. నాకు ఎన్నడో తట్టాలె. తట్టలె." కట్టకు మళ్లీ తాడు చుడుతూ, "లేకుంటె తట్టినా చూడలేదేమో" అన్నాడు.

పరామర్శ కార్డులు పెట్టిన రేకు డబ్బా గూట్లో ఉంది. ఖననం అయిన మూడో నాడు పోస్టుమ్యాన్ తెచ్చిచ్చిన కార్డుల్ని ఆమె చదవకుండానే అందులో వేసింది. లేచి డబ్బా దించింది. కిందనుంచి నాలుగోది, తండ్రి పేరు మీద వచ్చినది. చిరాగ్‌పల్లి ముద్ర. ఈసారి రెండు వాక్యాల కంటే ఎక్కువ ఉన్నాయి. అక్షరాలు వంకరపోయాయి.

గానుగ మాదేవి రాయునది. ఎద్దు ముసలిదైంది. అయినా గానుగ ఆగలేదు. ఎవరికి నూనె కావాలన్నా రావచ్చు. ధర మీరు చెప్పిందే.

"ఏం రాసిండే?" అని అడిగింది బసమ్మ. ఆమెకు కన్నడ అక్షరాలే వచ్చు, తెలుగు కూడబలుక్కుని కూడా చదవలేదు. మహాదేవమ్మ చదివి వినిపించింది. బసమ్మ విని, "మరి ఇన్నేండ్లు నీకు చెప్పకపోయిండా?" అంది. తర్వాత తనే, "నువ్వే రాస్తవని ఎదురు చూసిండు" అంది.

గవ్వలు ఆమె ఆ రోజు తీసుకోలేదు. కాదనీ అనలేదు. వచ్చే అమావాస్య దాకా ఆగమంది.

శ్రావణ అమావాస్య నాడు డ్యూటీ మార్చుకుని, సొరుగులోని ఆ కార్డు చేతిసంచిలో పెట్టుకుని హుమ్నాబాద్ బస్సెక్కింది. వానకు రోడ్డు పక్క చెరుకు తోటలు వంగి ఉన్నాయి. చిరాగ్‌పల్లిలో దిగి హోటల్లోకి వెళ్లింది. మూడు బల్లలు, పొగ పట్టిన గోడ, గోడకు ఎర్ర డబ్బా. లారీవాళ్లు ఇద్దరు తింటున్నారు. మూలబల్ల ఖాళీగా ఉంటే కూర్చుంది. చాయ్ తెచ్చిన హోటల్ యజమాని శంకరప్ప ఆమె ముందున్న కార్డు చూసి ఆగాడు.

"అమ్మా, మీరు జహీరాబాద్ పెద్దమనిషికి ఏమయితరు? గంజ్‌ల కాంటా ఆయన."

"బిడ్డను."

"పోయిండని తెలిసింది." శంకరప్ప గ్లాసు పెట్టి, బల్ల తుడిచాడు. తుడిచినచోటే మళ్లీ తుడిచాడు. "మీరు కూసున్న బల్లనే ఆయనది. ఎన్నేండ్లాయె. చాయ్ సగం తాగి సగం ఇడిచిపెడ్తుండె."

"కార్డు రాస్తుండెనా?"

"రాస్తుండె. ఏం రాస్తుండెనో నేనైతే ఎన్నడు చూడలె. రాసినంతసేపు చెయ్యి మీద తువ్వాల కప్పుకుంటుండె."